తాగినవాళ్ళ అడుగు ఎందుకు తడబడుతుంది
(సామర్లకోట మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో నాకు ఇచ్చే పని పొదుపు లెక్క చదవడం. ఈసారి మద్యం, మత్తు పదార్థాల గురించి మాట్లాడమన్నారు. తాగితే లివరు పోతుందని, డబ్బు పోతుందని, ఇంట్లో గొడవలని నేను చెప్పాలా అండి? ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మందికి నాకంటే ఎక్కువ తెలుసు. అందుకని ఒక్క సంగతి తీసుకున్నాను. నడక. మనిషి నిలబడడం, నడవడం, పడకుండా ఉండడం. మన కళ్ళ ముందు రోజూ కనపడేది, కానీ మనం నవ్వుకొనో, తిట్టుకొనో వదిలేసేది. నేను పదో తరగతి చదివినదాన్ని. వైద్యం మాటలు డాక్టర్లను, ఏఎన్ఎం గారిని అడిగి రాసుకొన్నవి. మిగతావి చూసినవి.

మా సంఘంలో ఒక అక్క ఉన్నారు. పేరు చెప్పను. ఈ మాటలు చెప్పడానికి ఆవిడా ఒప్పుకొన్నారు, వాళ్ళాయన కూడా ఒప్పుకొన్నారు. ఆయన రైసు మిల్లులో జట్టు పని చేసేవారు. మిల్లు పని చూసినవాళ్ళకు తెలుసు, లారీకి ఒక చెక్క బల్ల ఏటవాలుగా ఆనిస్తారు. వెడల్పు జానెడు, జానెడున్నర ఉంటుంది. 75 కిలోల బస్తా వీపు మీద వేసుకొని ఆ బల్ల మీద నడిచి పైకి ఎక్కాలి. బల్ల అడుగు అడుగుకీ ఊగుతుంది. ఊగే బల్లకి తగ్గట్టు మనిషి అడుగు వెయ్యాలి. ఆయన ఇరవై ఏళ్ళు ఆ పని చేశారు. ఆ ఇరవై ఏళ్ళూ తాగారు. మొదట్లో ఒళ్ళునొప్పులకని రాత్రిపూట, తర్వాత మధ్యాహ్నం, తర్వాత పొద్దున్న లేవగానే చేతులు వణుకుతున్నాయని.

రెండేళ్ళ క్రితం ఆయన బల్ల ఎక్కడం మానేశారు. ఎక్కితే కాళ్ళు ఆగట్లేదు అన్నారు. నేల మీద నడిచినా కాళ్ళు ఎడంగా వేసి, పడవలో నిలబడ్డవాడిలాగా నడిచేవారు. పొద్దున్న ఏడు గంటలకు అలా నడుస్తుంటే వీధిలో అందరం ఏమనుకుంటాం? "అప్పుడే వేసేశాడు" అనుకున్నాం. ఆవిడ మాత్రం "లేదమ్మా, నిన్న రాత్రి నుంచి ముట్టలేదు, డబ్బులే లేవు" అని చెప్పేది. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ నెల స్త్రీనిధి అప్పుకి ఆవిడ పేరు రావాలి. కుట్టు మిషను తీసుకుందామని ఆవిడ ఆశ. నేను సంఘం మీటింగులో అందరి ముందు, "పొద్దున్నే తాగి తిరిగే ఇంటికి అప్పు ఇస్తే కంతులు ఎవరు కడతారు, ముందు మీ ఆయన్ని నిలబెట్టు" అన్నాను. అప్పు వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. తలొంచుకొని పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళిపోయింది. నిలబెట్టు అన్నానే, ఆ మాట నిజంగా ఆ మనిషికి చేతకాని పని అయిపోయిందని నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది.

ఎలా తెలిసిందంటే చెప్పు వల్ల. కార్తీక మాసంలో భీమేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. మన గుడిలో శివలింగం పై అంతస్తు దాకా ఉంటుంది కదా, మెట్లెక్కి పైకి వెళ్తే గాని శిరస్సు కనపడదు. ఆయన ఎలాగో గోడ పట్టుకొని ఎక్కారు. దిగేటప్పుడు చంటిపిల్లాడిలాగా మెట్టు మెట్టుకీ కూర్చొని దిగారు. బయటికి వచ్చి చెప్పులు వేసుకొని బజారు దాకా నడిచాం. వెనక నుంచి ఒక పిల్లాడు "తాతా, నీ చెప్పు" అని పట్టుకొచ్చి ఇచ్చాడు. కాలి నుంచి చెప్పు జారిపోయి ఇరవై ముప్ఫై అడుగులు ఉత్త కాలితో నడిచారు, ఆయనకు తెలియలేదు. రోడ్డు మీద కంకర ఉంది అండి. అప్పుడు చూశాను ఆయన మొహం. అది తాగినవాడి మొహం కాదు, భయపడ్డవాడి మొహం.

ఆ వారమే కాకినాడ తీసుకెళ్ళాం. డాక్టరు గారు మిషన్లేమీ పెట్టకుండా ముందు మూడు పనులు చేయించారు. అవి చూశాక నాకు చాలా సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, గచ్చు మీద గీత చూపించి మడమకి వేళ్ళు ఆనిస్తూ నడవమన్నారు. రెండడుగులకే పక్కకి తూలారు. రెండు, కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమన్నారు. మూసుకోగానే పడబోయారు, నర్సమ్మ పట్టుకొంది. మూడు, చిన్న ఇనప పనిముట్టు ఒకటి మోగించి చీలమండ మీద ఆనించి, మోత తెలుస్తోందా అని అడిగారు. ఆయన "పెట్టారా అండి?" అన్నారు. అది మోగుతూనే ఉంది.

డాక్టరు గారు చెప్పినది నా మాటల్లో చెప్తాను. మనిషి పడకుండా నిలబడడానికి మూడు చోట్ల నుంచి కబురు రావాలి. కళ్ళు ఒకటి. అరికాళ్ళు, కీళ్ళు రెండోది, నేల ఎలా ఉంది, కాలు ఎక్కడ ఉంది అని అవి చెప్తాయి. మూడోది లోపలి చెవి. చెవి వినడానికే అనుకుంటాం. చెవి లోపల నీళ్ళున్న మూడు వంపు గొట్టాలు ఉంటాయట. ఇల్లు కట్టే మేస్త్రి లెవెలు చూడడానికి నీళ్ళ పైపు పట్టుకుంటాడు చూడండి, అలాంటివి. తల ఎటు తిరిగితే అటు ఆ నీళ్ళు కదిలి మెదడుకి చెప్తాయి. ఈ మూడు కబుర్లూ కలిపి ఏ కండ ఎంత బిగించాలో సర్దేది తల వెనక కింద ఉండే చిన్నమెదడు. అంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది. నీళ్ళబిందె చంకన పెట్టుకొని, పిల్లాణ్ణి రెండో చంకన వేసుకొని గట్టు దిగుతాం, ఒక్కసారైనా ఆలోచించామా?

మందు ఈ నాలుగింటి మీదా దెబ్బ కొడుతుంది. ఆ రాత్రికి కొట్టే దెబ్బ వేరు, ఏళ్ళ తరబడి కొట్టే దెబ్బ వేరు. మనం రెండూ ఒకటే అనుకుంటాం, చిక్కంతా అక్కడే వస్తోంది.

ఆ రాత్రి సంగతి ముందు. తాగి మంచం మీద పడుకోగానే "ఇల్లు తిరుగుతోందే" అంటారు. నటన కాదు అది. చెవిలో ఆ గొట్టాల్లో జిగురులాంటి చిన్న తెర ఒకటి ఉంటుంది. సారా నీళ్ళకన్నా తేలిక. రక్తంలోంచి సారా ముందు ఆ తెరలోకి ఎక్కుతుంది, చుట్టూ ఉన్న నీళ్ళలోకి ఆలస్యంగా ఎక్కుతుంది. దాంతో తెర తేలికైపోయి, తల కదలకపోయినా కదిలినట్టు కబురు పంపుతుంది. తెల్లవారుజామున ముందు తెరలోంచి దిగిపోతుంది, నీళ్ళలో ఇంకా ఉంటుంది. అప్పుడు ఇల్లు రెండో వైపుకి తిరుగుతుంది. మర్నాడు పొద్దున్న కళ్ళు తిరిగి, వాంతులు వచ్చి మళ్ళీ కాస్త పుచ్చుకొంటే తగ్గిందంటారే, అందులో ఇదొక భాగం.

ఒక క్వార్టరు బాటిల్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో నూటికి 42.8 వంతులు అసలు సారా. అది ఒంట్లోంచి పూర్తిగా దిగడానికి మామూలు మనిషికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. మజ్జిగ పోసినా, నిమ్మకాయ పిండినా, నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించినా లివరు తన వేగానికే పని చేస్తుంది గానీ తొందరపడదు. రాత్రి పదకొండింటికి రెండు క్వార్టర్లు తాగి పొద్దున్న ఆరింటికి ఆటో తీసేవాడు మందు దిగకుండానే బండి తీస్తున్నాడు. బండి నడిపేవాడి రక్తం 100 మిల్లీలీటర్లలో 30 మిల్లీగ్రాముల సారా దాటితే కేసు. మొదటిసారి 10,000 రూపాయలు జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ. పెద్దాపురం రోడ్డు మీద మన పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్ళే ఆటోలు ఉన్నాయి, కాబట్టి ఈ లెక్క ఆడవాళ్ళం గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఏళ్ళ తరబడి కొట్టే దెబ్బ. ఇది మా అక్క వాళ్ళాయనది. చిన్నమెదడులో నడుము భాగాన్ని, కాళ్ళని సర్దే చోటు మధ్యలో ఉంటుందట. మందు ముందు ఆ చోటునే తినేస్తుంది. చేతుల్ని సర్దే భాగం చాలావరకు మిగులుతుంది. అందుకే అలాంటి మనిషి పేకముక్కలు చక్కగా పంచుతాడు, బీడీ చక్కగా వెలిగిస్తాడు, లేచి నిలబడితే తూలతాడు. మనం "చేతులకి లేని రోగం కాళ్ళకొచ్చిందా, నాటకాలు" అంటాం. నేనూ అన్నాను. కాళ్ళలో నరాలు ఎండిపోవడం ఇంకొకటి. మొదట అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, తర్వాత దూది మీద నడిచినట్టు, తర్వాత ఏమీ తెలియదు. అరికాలి కబురు పోయాక మనిషి కళ్ళ మీదే ఆధారపడి నడుస్తాడు. చీకట్లో పడతాడు. కళ్ళు మూసుకొని మొహానికి సబ్బు రాసుకుంటూ ముందుకు పడతాడు. మీ ఇంట్లో ఎవరైనా మొహం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి గోడకి ఆనిస్తున్నారేమో చూడండి. తాగనప్పుడు కూడా ఆనిస్తుంటే అది జబ్బు. షుగరు వ్యాధికి కూడా ఇలా అవుతుంది, అందుకని అదీ పరీక్ష చేయించాలి.

ఇప్పుడు బియ్యం దగ్గరికి వస్తాను. తాగుడుకీ బియ్యానికీ సంబంధం ఏంటా అనుకోకండి, మనది మిల్లుల ఊరు.

విటమిన్ బి1 అని ఒకటి ఉంది. నరాలకి, మెదడుకి అది లేకపోతే నడవదు. ఒంట్లో దాని నిలవ చాలా తక్కువ, రెండు మూడు వారాలకే అయిపోతుంది. బియ్యంలో అది ఎక్కడ ఉంటుందంటే తవుడులో, మొలకలో. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన కొద్దీ అది తవుడుతో బయటికి పోతుంది. మిగిలినది బియ్యం నాలుగుసార్లు కడిగినప్పుడు, గంజి వార్చినప్పుడు పోతుంది. జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు కోళ్ళ మీద దీన్ని కనిపెట్టాడు. తెల్ల బియ్యం మేపిన కోళ్ళు కాళ్ళు తూలి పడిపోయాయి. తవుడున్న బియ్యం పెడితే లేచి తిరిగాయి. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మనం కోళ్ళకి తవుడు పెట్టి మనం తెల్లన్నం తింటాం, అదీ సంగతి. అంతకు చాలా ముందే, 1835లో, మద్రాసు సైన్యంలో పనిచేసిన మాల్కమ్‌సన్ అనే డాక్టరు ఈ జబ్బు మీద పుస్తకం రాశాడు. దాని పేరు బెరిబెరి. అప్పట్లో మన కోస్తాని ఉత్తర సర్కారులు అనేవారు. బెరిబెరి ఎక్కువగా ఉండే చోట్లలో మన ఉత్తర సర్కారులు ఒకటి. ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకు అది తక్కువ, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ బి1 తవుడులోంచి గింజ లోపలికి దిగుతుంది. మన జిల్లాలో ఉప్పుడు బియ్యం తయారు చేసి కేరళకు పంపిస్తాం. మనం మాత్రం తినం, వాసన అంటాం.

మామూలు మనిషికి పప్పు, కూర, వేరుశెనగ గుళ్ళు, నువ్వులు ఏవో తింటాడు కాబట్టి సరిపోతుంది. తాగే మనిషి అన్నం సరిగా తినడు. తిన్న కాస్తలో ఉన్న బి1ని పేగులు పీల్చుకోకుండా మందు అడ్డుపడుతుంది. లివరు దాచుకోలేదు. రేషను బియ్యంలో బలం గింజలు కలిపారు కదా, వాటిలో తప్పక ఉండాలని పెట్టినవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12. ఆ మూడింటిలో బి1 లేదు. కాబట్టి రేషను బియ్యం తింటున్నాడులే అని ఊరుకోవద్దు.

బి1 ఒక్కసారిగా బాగా పడిపోతే ఏమవుతుందంటే, మనిషి తూలతాడు, కంటిగుడ్లు అదురుతాయి లేదా ఒకటి రెండుగా కనపడుతుంది, మాట తికమకగా ఉంటుంది, ఏ రోజో తెలియదు. మూడూ ఒకేసారి ఉండాలని లేదు. చూడ్డానికి అచ్చం తాగినట్టే ఉంటుంది. కానీ అది ప్రాణం మీదికి వచ్చే జబ్బు, బతికినా జ్ఞాపకశక్తి పోవచ్చు. వెంటనే బి1 ఇంజెక్షన్ పడాలి, మాత్ర చాలదు. ఇంకో మాట. నీరసంగా ఉన్నాడని వీధిలో ఎవరో ఒకరిని పిలిచి గ్లూకోజు సెలైన్ ఎక్కించడం మనకు అలవాటు. మా అక్క వాళ్ళింట్లో కూడా ఒకసారి ఎక్కించారు, ఆ రాత్రి ఆయన ఇంకా గందరగోళం అయిపోయారు. ఆ గ్లూకోజును వాడుకోవడానికి ఒంట్లో మిగిలిన కాస్త బి1 ఖర్చయిపోతుందట. బాగా తాగే మనిషికి గ్లూకోజు పెట్టేముందు "బి1 ఇంజెక్షన్ వేశారా అండి" అని అడగాలి. అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు.

మా నాన్న సంగతి చెప్పాలా వద్దా అని నిన్న రాత్రి దాకా ఆలోచించాను. చెప్తాను.

మా నాన్నకూ తాగుడు ఉండేది. నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో ఒక రాత్రి కాలవగట్టు మీద పడిపోతే ఎవరో తీసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. కణత దగ్గర చిన్న గీరుడు. అంతే. అమ్మ పసుపు పెట్టింది. మజ్జిగ తాగించాం. పొద్దున్న లేచి మామూలుగానే తిరిగారు. మూడో వారంలో తలనెప్పి అనడం మొదలుపెట్టారు. తర్వాత ఎడమకాలు ఈడ్చడం. పగలంతా నిద్ర. మేమేమనుకున్నాం? ఎక్కువైంది అనుకున్నాం. నాయనమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. అప్పటికి నాలుగు రోజులుగా ఆయన దగ్గర పైసా లేదు, చుక్క ముట్టలేదు. అది మాకు తట్టలేదు. తూలేవాడు తాగినవాడే అన్న లెక్క ఒక్కటే తెలుసు మాకు. ఒకరోజు లేపితే లేవలేదు. కాకినాడ తీసుకెళ్తే, పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరిందని, వారం ముందు తెస్తే చిన్న రంధ్రం పెట్టి తీసేసేవాళ్ళమని చెప్పారు. ఆ వేసవి తర్వాత నేను కాలేజీలో చేరలేదు.

తాగేవాళ్ళకు ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువగా జరుగుతుందట. పడడం ఎక్కువ, లివరు చెడితే రక్తం గడ్డకట్టడం తక్కువ, ఏళ్ళ తరబడి తాగితే మెదడు కుంచించుకుపోయి పుర్రె లోపల సందు ఏర్పడుతుంది, ఆ సందులో సన్నటి రక్తనాళాలు లాగబడి చిన్న దెబ్బకే తెగుతాయి. రక్తం మెల్లిగా, వారాల తరబడి చేరుతుంది. కాబట్టి అక్కా, తాగి పడ్డవాడు తలకి దెబ్బ తగిలించుకొంటే ఆ రాత్రి గంటకోసారి లేపి పేరు చెప్పమనండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు, వాంతి గొంతుకి అడ్డుపడుతుంది. వాంతులు ఆగకపోయినా, లేపితే లేవకపోయినా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినా 108కి ఫోను చెయ్యండి. ఆ తర్వాత నెలన్నర పాటు తలనెప్పి, కాలు ఈడ్చడం, మత్తునిద్ర కనపడితే "మళ్ళీ తాగాడు" అని తేల్చెయ్యొద్దు. తలకి స్కానింగ్ తీయమని అడగండి.

మాన్పించడం గురించి రెండు మాటలు. కోపంలో మనం గదిలో పెట్టి తాళం వేస్తాం, లేదా దేవుడి ముందు ఒట్టు వేయించి ఒక్కరోజులో ఆపిస్తాం. పొద్దున్న లేవగానే మందు కావలసిన మనిషికి అలా ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల ఒళ్ళంతా వణుకు, జ్వరం, లేనివి కనపడడం, గోడల మీద పురుగులు పాకుతున్నాయనడం, ఇవి వస్తే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి షాపులు మూసేసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు వరసకట్టారు. అందులో కల్తీ కల్లు అలవాటైనవాళ్ళు కూడా ఉన్నారు. ఆ కల్లులో నిద్రమాత్రల మందు కలుపుతారు. ఆ మందు కూడా కాళ్ళు తూలేలా చేస్తుంది, ఆపినా ఫిట్స్ తెస్తుంది. ఆపడం తప్పనడం లేదండి, ఆసుపత్రిలో డాక్టరు చూస్తుండగా ఆపాలి. కూరలో తెలియకుండా కలిపి పెట్టే పొడులు, మాత్రలు కొంతమంది అమ్ముతున్నారు. ఆ మనిషికి చెప్పకుండా పెట్టి, ఆయన బయట తాగి వస్తే బీపీ పడిపోయి, గుండె దడతో చచ్చిపోయే ప్రమాదం ఉంది. మన సంఘాల్లోనే ఒకరి నుంచి ఒకరికి ఈ పొడులు వెళ్తున్నాయని నాకు తెలుసు. దయచేసి ఆపండి.

కుర్రాళ్ళ గంజాయి గురించి అడగమన్నారు. గంజాయికి మనిషి తాగినట్టు ఊగిపోడు, అందుకే ఇంట్లో తెలియదు. కానీ బండి మీద ఉన్నప్పుడు ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో, బ్రేకు ఎప్పుడు వెయ్యాలో ఆ అంచనా తప్పుతుంది. గంజాయి, బీరు రెండూ కలిపితే ఇంకా అన్యాయం. గంజాయి అమ్మేవాళ్ళ సంగతి చెప్పడానికి ఈగల్ వాళ్ళ నంబరు 1972. మాన్పించే సలహాకి 14446. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. ఈ మూడూ సంఘం మినిట్సు పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి.

ఇవన్నీ చెప్పి, షాపులు మూయించెయ్యాలి అని అరిచి కూర్చోవడం నాకు తేలికే. మనకి ఆ చరిత్ర ఉంది కూడా. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ గారు, ఆ ఊరి ఆడవాళ్ళు అక్షరదీపం క్లాసులో చదువుకొంటూ సారా కొట్టు మూయించారు. అక్కడి నుంచి రాష్ట్రం అంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న రామారావు గారి ప్రభుత్వంలో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో సడలించేశారు. అదే నెల్లూరు ఆడవాళ్ళు సారాకి పోయే డబ్బు మిగిలింది కదా అని రోజుకి రూపాయి లెక్కన పొదుపు మొదలుపెట్టారు. మనం ఈ రోజు కూర్చొన్న కుర్చీలకు వేరు అక్కడ ఉంది. కానీ అప్పుడు సారా కొట్టు ఊరికి ఒకటి, బెదిరిస్తే మూసేవాడు. ఇప్పుడు బెల్టు షాపు పాన్ షాపులోనూ ఉంది, పచారీ కొట్లోనూ ఉంది, నడిపేది ఒక్కోసారి మన సంఘం సభ్యురాలే. నేను ఎవరినీ వేలు పెట్టి చూపించడం లేదు. వాళ్ళకీ కంతులు ఉన్నాయి. ఈ సంగతి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు మనం తలుపులు వేసుకొని మాట్లాడుకోక తప్పదు.

సమాఖ్యను నేను అడిగేవి చిన్నవి. తాగే ఇల్లని చెప్పి ఏ సభ్యురాలి అప్పూ ఆపకూడదని ఒక తీర్మానం రాయండి. డబ్బు ఆవిడ చేతికి, ఆవిడ పేరున ఉన్న పనికి ఇద్దాం. ఇంటాయన్ని ఆసుపత్రిలో పెట్టే వారం పది రోజులకు కూలి పోతుంది, తోడు ఉండే ఆవిడ కూలి కూడా పోతుంది, ఆ రోజులకు గ్రామ సంఘం నిధి నుంచి చేబదులు లాగా ఇచ్చే ఏర్పాటు చూడండి. ఇంకా, తాగి కాళ్ళు పోయినవాళ్ళ ఇళ్ళలో స్నానాల గదికి ఒక ఇనప పైపు పట్టుకొమ్మ, రాత్రి వెలిగే ఒక బల్బు, ఇవి కొనడానికి వెయ్యి రూపాయలు కూడా అవదు. పడి తుంటి విరిగితే ఎంత అవుతుందో మీకు తెలుసు.

మా అక్క వాళ్ళాయన ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నారు. బి1 ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. మధ్యలో ఒకసారి మళ్ళీ తాగారు, సంక్రాంతికి. దాచడం ఎందుకు. మళ్ళీ తీసుకెళ్ళాం. ఇప్పుడు ఏడాది దాటింది. చిన్నమెదడులో పోయిన కణాలు తిరిగి రావట, ఉన్నవాటితో ఒళ్ళు మెల్లిగా నేర్చుకుంటుందట. మొదటి మూడు నాలుగు నెలల్లో నడక కాస్త బాగుపడింది. కర్రతో వీధి చివరి దాకా వెళ్ళొస్తారు. అరికాళ్ళలో మంట ఇంకా ఉంది. ఆవిడకు ఈ ఏడు అప్పు వచ్చింది, మిషను కొన్నారు, జాకెట్లు కుడుతున్నారు. నేను ఆవిడకు సంఘంలోనే, ఎక్కడ ఆ మాట అన్నానో అక్కడే, అందరి ముందు క్షమాపణ చెప్పాను. ఆవిడ "పోన్లే అమ్మా, నేనూ ఆయన్ని అదే మాట అన్నాను" అంది.

ఆయన్ని మిల్లు వాళ్ళు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వచ్చే లారీ నంబరు, బస్తాల లెక్క పుస్తకంలో రాస్తారు. రాత చక్కగా ఉంటుంది. జట్టువాళ్ళు బల్ల మీద బస్తా మోస్తుంటే మాత్రం అటు చూడరు, తల దించుకొని రాసుకుంటారు.